కారణాంకముల చిక్కునుండి కె-సమూహముల వరకు

1847 మార్చి 1వ తేదీన పారిస్ నగరములోని విజ్ఞాన పరిషత్తు సమావేశమున గాబ్రియేల్ లామే అను గణితజ్ఞుడు లేచి, ఫెర్మా చివరి సిద్ధాంతమునకు నిరూపణ తనకు దొరకినదని ప్రకటించెను. ఆ సిద్ధాంతము ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ అర్థమగునట్టిదే. 9, 16 అను రెండు వర్గములను కూడినచో 25 అను వర్గము వచ్చును. కాని సున్న కాని రెండు ఘనములను కూడి మరియొక ఘనమును తెచ్చుట సాధ్యము కాదు. నాల్గవ ఘాతములకును, ఐదవ ఘాతములకును, ఆపై ఏ ఘాతమునకైనను ఇంతే. ఫెర్మా దీనిని 17వ శతాబ్దములో ఒక పుస్తకపు అంచున వ్రాసికొని, నిరూపణ పట్టుటకు ఆ అంచు చాలదని వదలివేసెను. నాటినుండి రెండు శతాబ్దములు పెద్దలెందరో దానితో పెనుగులాడుచునే యుండిరి.

లామే ఉపాయము చక్కనిదే. రెండు ఘాతముల మొత్తమును, 1కి గల సంకీర్ణ మూలముల సాయముతో, చిన్న చిన్న కారణాంకములుగా విడగొట్టి, ఆ కారణాంకములను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెనని ఆయన ఉద్దేశము. ఆయన కూర్చుండగనే లియువీల్ అను మరియొక గణితజ్ఞుడు లేచి ఒక్క సందేహమును బయటపెట్టెను. సామాన్య పూర్ణసంఖ్యలను ప్రధాన సంఖ్యల లబ్ధముగా ఒకే విధముగా వ్రాయవచ్చునని మనకు తెలియును. 12 అనగా రెండు 2లు, ఒక 3, అంతే. కాని ఈ క్రొత్త సంఖ్యలకు కూడ ఆ గుణము ఉన్నదని ఎవరు చూపిరి?

ఈ సందేహము ఎంత లోతైనదో ఒక ఉదాహరణ వలన తెలియును. సామాన్య సంఖ్యలకు √-5ను చేర్చి, వానిని కూడుచు, తీసివేయుచు, గుణించుచు పోయినచో ఒక సంఖ్యావ్యవస్థ ఏర్పడును. ఇట్టి వ్యవస్థకు వలయమని పేరు. ఈ వలయములో 6ను 2 × 3 అని వ్రాయవచ్చును. (1 + √-5) × (1 - √-5) అనియు వ్రాయవచ్చును. ఈ నాలుగు కారణాంకములలో ఏదియు ఇక విడిపోదు. ఇందులోని ప్రతి సంఖ్యకు, దాని మొదటి భాగపు వర్గమును, √-5 ముందున్న సంఖ్య వర్గమునకు ఐదింతలను కూడి ఒక కొలత నేర్పరచినచో, లబ్ధపు కొలత కొలతల లబ్ధమే యగును. పై నాలుగింటి కొలతలు వరుసగా 4, 9, 6, 6. వానిలో ఏదైనను విడిపోవలెనన్న కొలత 2 గాని 3 గాని గల సంఖ్య కావలెను. అట్టిది లేదని ఉపాధ్యాయులు నల్లబల్ల మీద రెండు నిమిషములలో చూపవచ్చును. అనగా ఒకే సంఖ్యకు రెండు వేర్వేరు విభజనములు. లియువీల్ భయపడినది ఇందులకే.

ఆ యేడు మే నెలలో పరిషత్తున ఒక లేఖ చదువబడెను. వ్రాసినవాడు బ్రెస్లౌ నగరములోని ఎర్నెస్ట్ కుమ్మర్. (పేరు వినగానే మనకు కుమ్మరి జ్ఞప్తికి వచ్చును గాని, జర్మను భాషలో ఆ మాటకు దిగులని అర్థము.) లామేకు కావలసిన గుణము అన్ని చోట్ల లేదనియు, ఆ సంగతిని తాను 1844లోనే ప్రకటించితిననియు ఆయన తెలిపెను. ఘాతము 23 అయినప్పుడే మొదటిసారి అది తప్పిపోవును. లామే నిరూపణ అంతటితో కూలిపోయెను. కాని కుమ్మర్ కూలగొట్టి ఊరకుండలేదు. విడిపోని కారణాంకముల వెనుక కంటికి కనబడని ‘ఆదర్శ సంఖ్యలు’ ఉన్నట్లు భావించినచో విభజన మరల ఒకే విధముగా జరుగునని చూపెను. 1871లో డెడెకిండ్ ఈ భావమునకు నేటి రూపమైన ఆదర్శములను ఇచ్చెను.

ఆదర్శ సంఖ్యలలో కొన్ని నిజముగా వలయములోని సంఖ్యలే, కొన్ని కావు. వానిని తరగతులుగా పంచినచో ఎన్ని తరగతులు వచ్చునో అదియే ఆ వలయపు లోపమునకు కొలత. సామాన్య పూర్ణసంఖ్యలకు ఒకే తరగతి, అనగా లోపము లేదు. √-5 వలయమునకు రెండు. 23కు చెందిన కుమ్మర్ వలయమునకు మూడు. ఈ తరగతుల సంఖ్యను ఆ ప్రధాన సంఖ్యయే భాగింపనిచో దానిని క్రమ ప్రధాన సంఖ్య అనిరి. అట్టి ఘాతములన్నిటికి ఫెర్మా సిద్ధాంతము నిజమని 1850లో కుమ్మర్ నిరూపించెను. నూటికి లోపల తప్పినవి 37, 59, 67 అను మూడు మాత్రమే. గొప్ప ఫలితమే. కాని నా దృష్టిలో అంతకంటె గొప్పది, క్రమము తప్పినవానిని గుర్తించుటకు ఆయన చెప్పిన పరీక్ష.

ఆ పరీక్షకు బెర్నూలీ సంఖ్యలు కావలెను. 1 నుండి వరుస సంఖ్యలను, వాని వర్గములను, ఘనములను కూడు సూత్రములు మన తరగతులలో చెప్పుచునే యున్నాము. ఏ ఘాతమునకైనను చెల్లు సూత్రము వ్రాయబోయినచో కొన్ని భిన్నములు మాటిమాటికి తగులును. యాకోబ్ బెర్నూలీ గ్రంథము ఆయన మరణానంతరము 1713లో వెలువడినప్పుడు అవి లోకమునకు తెలిసెను. జపానులో సెకీ తకాకజు కూడ స్వతంత్రముగా వానిని కనుగొనెను. రెండవది 1/6, నాల్గవది -1/30, ఆరవది 1/42, ఎనిమిదవది మరల -1/30, పదవది 5/66. ఇంతవరకు లవములు అమాయకముగా కనబడును. పండ్రెండవది -691/2730. ఈ 691 ఎక్కడినుండి ఊడిపడెనని అనిపింపక మానదు. హారములు ముందుగా చెప్పదగినవి. వానికి నియమము కలదు. లవములకు అట్టి సులభ నియమము లేదు. ఒక ప్రధాన సంఖ్య తనకంటె కనీసము మూడు తక్కువైన స్థానములలోని ఏ బెర్నూలీ సంఖ్య లవమునైనను భాగించినచో అది క్రమము తప్పినదే అని కుమ్మర్ పరీక్ష. 691 అట్టిది. 37 కూడ అట్టిదే, కాని దానికొరకు 32వ బెర్నూలీ సంఖ్య వరకు పోవలెను. ఆ లవము 7709321041217.

శ్రీనివాస రామానుజన్ 1911లో ప్రకటించిన మొదటి వ్యాసమే బెర్నూలీ సంఖ్యలను గురించినది. ఆయన పేర ప్రసిద్ధమైన టౌ ప్రమేయమును 691తో భాగించినప్పుడు వచ్చు శేషములకు ఒక చక్కని నియమము కలదని కనిపెట్టినదియు ఆయనయే. ఈ సంఖ్య అంత సులభముగా మనలను విడుచునది కాదు.

ఇక సంఖ్యలను కొంతసేపు ప్రక్కకు పెట్టి, ఆకారముల శాస్త్రమైన టోపాలజీకి పోవలసియున్నది. కథలోని రెండవ పాయ అక్కడ పుట్టినది.

ఒక గారెను తీసికొని, దాని ఉపరితలము మీదనే జరుగునట్లు ఒక దారపు ఉచ్చు వేసితిమనుకొనుడు. కొన్ని ఉచ్చులను మెల్లగా జరుపుచు ఒక బిందువుగా ముడుచవచ్చును. చిల్లు చుట్టి వచ్చిన ఉచ్చు మాత్రము ముడుచుకొనదు. నిమ్మపండు మీద ఏ ఉచ్చు అయినను ముడుచుకొనును. ఒకదానినుండి మరియొకదానికి తెంపక జరుపగల ఉచ్చులను ఒకటిగా భావించి, ఒక ఉచ్చు వెంట మరియొక ఉచ్చును నడచుటయే ‘కూడిక’ అనుకొన్నచో ఒక సమూహము వచ్చునని 1895లో పాయింకరే చూపెను. 1935లో హురేవిచ్ ఉచ్చులకు బదులు గోళములను, ఇంకను పెద్ద పరిమాణముల గోళములను ఉపయోగించి హోమోటోపీ సమూహములను నిర్మించెను. వీనిని లెక్కించుట మహా కష్టము. గోళము మీద గోళమును చుట్టు విధములే ఇప్పటికిని పూర్తిగా తెలియవు. రెండు గోళములును చాలినంత పెద్దవై, పరిమాణములో భేదము 3 అయినప్పుడు, సరిగా 24 విధములు కలవు. అవి 24 గంటల గడియారము వలె ఒకదానితో నొకటి కలియును. భేదము 7 అయినచో 240.

24 మనకు క్రొత్త సంఖ్య కాదు. 3కంటె పెద్దదైన ఏ ప్రధాన సంఖ్యనైనను వర్గము చేసి 1 తీసివేయుడు: 5కు 24, 7కు 48, 11కు 120, 13కు 168. అన్నిటిని 24 భాగించును. నాల్గవ ఘాతమును తీసికొని 5కంటె పెద్ద ప్రధాన సంఖ్యలతో ఇట్లే చేసినచో 240 అన్నిటిని భాగించును. ప్రధాన సంఖ్యలకును గోళములకును ఏమి చుట్టరికము? ఈ ప్రశ్నకు చోటు చూపినది కె-సిద్ధాంతము.

1957లో గ్రోతెండీక్ బీజీయ జ్యామితిలోని వేరొక సమస్యను సాధించుచు, ఒక వలయమునకు చెందిన వస్తువుల తరగతులనుండి ఒక సమూహమును నిర్మించి దానికి ‘కె’ అని పేరు పెట్టెను. తరగతిని తెలుపు జర్మను మాటకు అది మొదటి అక్షరము. కుమ్మర్ వలయములకు దీనిని లెక్కించినచో, పూర్ణసంఖ్యల ప్రతియొకటియు, దాని ప్రక్క కుమ్మర్ తరగతుల సమూహమును దొరకును. పాత లోపమే క్రొత్త పేరుతో వచ్చినదన్నమాట. దీనిని ఇప్పుడు కె-0 అందురు. ఆ రోజులలోనే దీనికి దగ్గరి సమస్యయొకటి సెర్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు లేవదీయగా, బొంబాయిలోని టాటా సంస్థలో పనిచేయుచుండిన సి. ఎస్. శేషాద్రి 1958లో రెండు చలరాశుల విషయమున దానిని సాధించెను. పూర్తి సమాధానము 1976లో గాని రాలేదు. ఇచ్చినవారిలో ఒకడైన క్విలెన్‌ను త్వరలోనే కలిసికొందము.

కె-1 అనునది మాత్రికలనుండి వచ్చును. మాత్రికలోని ఒక అడ్డు వరుసకు మరియొక వరుస గుణిజమును కూడుట విద్యార్థులు ఎరిగిన క్రియయే. ఇట్టి క్రియలతో చేయరాని దేమి మిగులునో అదియే కె-1. పూర్ణసంఖ్యలకు నిర్ధారకము 1, -1 అను భేదము మాత్రమే మిగులును గనుక అందులో ఇద్దరే సభ్యులు. 1960 దశకములో మిల్నర్ కె-2ను నిర్వచించెను. ఇది కొంత సూక్ష్మమైనది. మొదటి వరుసకు రెండవదానిని కూడుడు; రెండవదానినుండి మొదటిదానిని తీసివేయుడు; మరల మొదటిదానికి రెండవదానిని కూడుడు. వరుసలు తారుమారై, ఒకదానికి ఋణచిహ్నము వచ్చినట్లు చూతురు. ఇది 90 డిగ్రీల భ్రమణము. నాలుగు మారులు చేసినచో, అనగా 12 క్రియల తరువాత, మొదటి స్థితియే వచ్చును. కాని ఏ వలయమునందైనను తప్పక చెల్లు సామాన్య నియమముల నుండి మాత్రమే ఈ ఫలితము రాదు! 24 క్రియలు చేసి రెండు పూర్తి చుట్లు తిరిగినచో మాత్రము వచ్చును. అరచేతిలో పళ్ళెమును వెల్లకిల పెట్టుకొని, అది ఒరుగకుండ ఒక చుట్టు త్రిప్పి చూడుడు, చేయి మెలిపడును. అదే దిక్కున రెండవ చుట్టు త్రిప్పినచో మెలి విడిపోవును. ఇది కేవలము పోలిక కాదు. రెండింటికిని మూలము ఒకటే. అందుచే పూర్ణసంఖ్యల కె-2లోను ఇద్దరే సభ్యులు.

కె-3 ఎట్లు? అచ్చట దారి మూసికొనిపోయెను. కె-0, కె-1, కె-2 మూడింటికి మూడు వేర్వేరు నిర్వచనములు. నాల్గవదానిని ఊహించుటకు ఆధారము లేదు. పలువురు పలు విధముల ప్రయత్నించిరి. ద్వారము తెరచినవాడు అమెరికాలోని డేనియల్ క్విలెన్. ఇట్లు ఒక్కొక్క సమూహమును వేరువేరుగా నిర్వచింపబూనుటయే పొరపాటని ఆయన గ్రహించెను. ఒక వలయమునకు ఒక అంతరాళమును కట్టవలెను. ఆ అంతరాళపు హోమోటోపీ సమూహములే కె-సమూహములు కావలెను. ప్రతి మాత్రికకు ఒక ఉచ్చు, ప్రతి గుణకారమునకు ఒక త్రిభుజపు పలక, ఇట్లు పైపైకి పేర్చినచో ఒక అంతరాళము వచ్చును. అందులో వరుసక్రియల ఉచ్చులన్నియు ముడుచుకొనునట్లు క్రొత్త పలకలను అతికి, ఆ అతుకుల వలన కలిగిన మార్పును ఇంకొక పరిమాణపు ముక్కలతో సరిచేసెను. ఉచ్చులనుండి కె-1, గోళములనుండి కె-2 తమంత తామే బయటపడెను. కె-3, కె-4, ఇంకను అన్నియు వానితోపాటు వచ్చెను. సంఖ్యల శాస్త్రమునకు ఆకారముల శాస్త్రము ఇల్లు కట్టి ఇచ్చినట్లయినది.

క్విలెన్ 1972లో సాంత క్షేత్రముల కె-సమూహములను పూర్తిగా లెక్కించెను. 5తో భాగించిన శేషములనే సంఖ్యలుగా గల గణితమునకు కె-1లో 4, కె-3లో 24, కె-5లో 124 సభ్యులు. ఇవి 5, 25, 125లనుండి 1 తీసివేయగా వచ్చినవి. సరి స్థానములన్నియు శూన్యములు. ఇందువలన మన నల్లబల్ల మీది లెక్కకు చోటు దొరకినది. అంతటితో ఆగలేదు. మాత్రికలకు బదులు వస్తువుల స్థానములను మార్చు ప్రస్తారములతో ఇదే నిర్మాణము చేసినచో గోళముల సమూహములే వచ్చును. ప్రతి ప్రస్తారమును 0, 1లతో కూడిన మాత్రికగా వ్రాయవచ్చును గదా! కనుక గోళములనుండి పూర్ణసంఖ్యల కె-సమూహములకు ఒక వంతెన ఏర్పడెను. పూర్ణసంఖ్యల కె-3లో 48 మంది సభ్యులున్నారని 1976లో లీ, షార్బా ప్రకటించిరి. గోళముల 24 అందులో సగముగా ఇమిడియున్నది. కె-7లో 240, గోళములలోను 240. 1978లో హెల్సింకి నగరమున క్విలెన్‌కు ఫీల్డ్స్ పతకము ఇచ్చిరి.

గోళముల వంతెన మీద రానిది 691. దానిని వెదకవలసిన చోటును 1970 దశకము మొదట లిఖ్తెన్‌బామ్ ఊహించెను. ఆ ఊహను నేటి సవరణలతో, మన విద్యార్థులు సరిచూడగల రూపమున చెప్పెదను. రెండవ బెర్నూలీ సంఖ్యను 4చే భాగించిన 1/24 వచ్చును. కె-2, కె-3 సభ్యుల సంఖ్యల నిష్పత్తి 2/48 అదియే. నాల్గవదానిని 8చే భాగించి ఋణచిహ్నమును విడిచిన 1/240. కె-6లో ఒక్కడే సభ్యుడు, కె-7లో 240. పండ్రెండవదానిని 24చే భాగించిన 691/65520. కె-22లో 691 మంది, కె-23లో 65520 మంది సభ్యులు! హారము 65520 మనము చూచిన జాతిదే. 13కంటె పెద్దదైన ప్రతి ప్రధాన సంఖ్య పండ్రెండవ ఘాతమునుండి 1 తీసివేసినచో అది భాగించును. లవము మాత్రము కుమ్మర్ పరీక్షలో తగిలిన ఆ క్రమము తప్పిన సంఖ్యయే. 37ను చూడదలచినవారు కె-62 వరకు పోవలెను. 1847లో లామేను పడగొట్టిన లోపము ఈ అంతరాళపు మెట్లమీద ఒక్కొక్కటిగా పేర్చబడియున్నది.

ఊహించుట వేరు, నిరూపించుట వేరు. కె-సమూహములు పరిమితముగా వర్ణింపదగినవని క్విలెన్, వానిలో ఏవి అనంతములో 1974లో బోరెల్ తేల్చిరి. బెర్నూలీ లవములకును కుమ్మర్ తరగతులకును గల సూక్ష్మ సంబంధమును 1984లో మేజర్, వైల్స్ నిరూపించిరి. ఈ వైల్సే 1995లో ఫెర్మా సిద్ధాంతమును వేరొక మార్గమున ముగించినవాడు. చివరి కట్టడమునకు రష్యను గణితజ్ఞుడు వొయెవోద్‌స్కీ బీజీయ సమీకరణములకే ఒక హోమోటోపీ సిద్ధాంతమును నిర్మింపవలసివచ్చెను. 2002లో ఆయనకు ఫీల్డ్స్ పతకము వచ్చెను. రోస్ట్ మొదలగువారి తోడ్పాటుతో పూర్తియైన నిరూపణ 2011లో ప్రకటితమైనది.

దీనితో పూర్ణసంఖ్యల కె-సమూహములన్నియు తెలిసినవా? 4చే భాగింపబడు స్థానములు తప్ప. కె-4 శూన్యమని 2000లో రోగ్నెస్ చూపెను. కె-8 శూన్యమని 2019లో నలుగురు గణితజ్ఞులు, వొరొనోయ్ కాలపు వర్గరూపముల పద్ధతిని గణనయంత్రములతో నడిపి, తేల్చిరి. కె-12, కె-16, ఇట్లు అన్నియు శూన్యములేనా? ఇక్కడ మరల కుమ్మర్ ఎదురగును. ఒక ప్రధాన సంఖ్యకు చెందిన తన వలయములో సంఖ్యారేఖ మీది నిజసంఖ్యలను మాత్రమే ఏరుకొన్నచో, ఆ చిన్న వలయపు తరగతుల సంఖ్యను ఆ ప్రధాన సంఖ్య భాగింపదని ఆయన 1849లో క్రోనెకర్‌కు వ్రాసిన లేఖలో సూచించెను. తరువాత అమెరికాలో వాండివర్ దీనిని పట్టుకొని పనిచేసినందున ఇద్దరి పేరను ఇది ప్రసిద్ధమైనది. 4చే భాగింపబడు స్థానములన్నియు శూన్యములగుటయు, కుమ్మర్-వాండివర్ ఊహ అన్ని ప్రధాన సంఖ్యలకు నిజమగుటయు ఒకటే యని 1992లో జపాను గణితజ్ఞుడు కురిహారా చూపెను. నాడు ఆయన ఒప్పుకొనవలసివచ్చిన మెట్టు వొయెవోద్‌స్కీ నిరూపణతో తీరినది.

ఈ ఊహను నమ్మువారును, నమ్మనివారును నేటికిని పండితులలో కలరు. నిరూపణ ఎవరికిని దొరకలేదు. 2017లో ప్రకటితమైన ఒక గణనలో 2ను 31 మారులు గుణింపగా వచ్చు 214,74,83,648కి లోపలి ప్రధాన సంఖ్యలనన్నిటిని పరీక్షించిరి, ఒక్కటియు తప్పలేదు. కనుక కె-12 గాని, అట్టి మరియొకటి గాని శూన్యము కాకపోయినచో, దాని సభ్యుల సంఖ్యను భాగించు ప్రతి ప్రధాన సంఖ్యయు 214 కోట్లకు పైబడినదై యుండవలెను.